చెప్పడం వేరు, చేరడం వేరు

హైదరాబాదులోని అమీర్‌పేట వీధుల్లో తల ఎత్తిన చోటల్లా శిక్షణ సంస్థల బోర్డులే. కంప్యూటరు కోర్సుల పేర్ల పక్కన ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. లోపల నేర్పేది చాలావరకు ఆంగ్ల సంభాషణ, ఇంటర్వ్యూలో కూర్చునే తీరు, చిరునవ్వు, కరచాలనం. అవి అక్కరలేదని నేననను. పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రవాడికి ఆ ధైర్యం కావాలి. అయితే ఉద్యోగంలో చేరిన మరునాటి నుంచి అతనికి కావలసిన విద్య వేరు. తనకు తెలిసిన విషయం అవతలి మనిషికి సరిగ్గా చేరిందా, చేరిన దాన్నిబట్టి ఆ మనిషి సరైన పని చేయగలడా అన్నది చూసుకునే విద్య అది. దానికి బోర్డులు లేవు.

రక్తపోటు, మధుమేహం గురించి రాసుకునే వైద్యుడికి కార్యాలయ సంభాషణతో పనేమిటని మీరు అడగవచ్చు. ఆసుపత్రి కూడా ఒక కార్యాలయమే. అక్కడా షిఫ్టులున్నాయి, పై అధికారులున్నారు, ఫోన్లున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి. తేడా ఒక్కటే. బ్యాంకులో మాట తప్పుగా చేరితే ఖాతాలో అంకె మారుతుంది, మర్నాడు దిద్దుకోవచ్చు. మా దగ్గర దిద్దుకునే వ్యవధి ఒక్కోసారి దొరకదు. అందుకే ఈ విషయంలో వైద్యరంగం దెబ్బలు తిని నేర్చుకున్న పాఠాలు మిగిలిన ఉద్యోగాలకు కూడా పనికివస్తాయని నా నమ్మకం.

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఒక నివేదిక వెలువరించింది. అక్కడి ఆసుపత్రుల్లో వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది మరణిస్తున్నారని అందులో అంచనా వేశారు. ఆ అంకెల మీద తరువాత చాలా వాదోపవాదాలు నడిచాయి. వివాదం లేని సంగతి ఒకటుంది. తీవ్రమైన పొరపాట్ల మూలాలను తవ్వి చూసిన ప్రతిసారీ, ముందు వరుసలో నిలిచే కారణాల్లో సమాచారం సరిగ్గా అందకపోవడం ఒకటి. మందు ఉంది, యంత్రం ఉంది, తెలిసిన వైద్యుడూ ఉన్నాడు. తెలియవలసిన మాట తెలియవలసిన మనిషికి తెలియవలసిన సమయానికి చేరలేదు.

రాత్రి రెండు గంటలకు నర్సు నుంచి వైద్యుడికి వచ్చే ఫోను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఆసుపత్రుల్లో అది తరచు ఇలా ఉంటుంది: “సార్, ఏడో బెడ్ పేషెంటుకు ఏమీ బాగోలేదు. ఒకసారి చూస్తారా?” నిద్రలో ఉన్న వైద్యుడు “ఏమైంది?” అంటాడు. “ఒకటే ఆయాసంగా ఉంది సార్, బీపీ కూడా తగ్గింది.” “సరే, సెలైన్ పెట్టు, పొద్దున్న వస్తాను.” ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు. కాని ఆమె మనసులో ఉన్న భయం ఫోను తీగ దాటలేదు.

ఇదే ఫోను మరో విధంగా: “సార్, నేను సర్జికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. ఏడో బెడ్ పేషెంటు బీపీ తొంభైకి పడిపోయింది, నాడి నిమిషానికి నూట ఇరవై నాలుగు. నిన్న ఉదయం కడుపు ఆపరేషను అయింది, సాయంత్రం వరకు బీపీ నూట ఇరవై ఉంది. గత నాలుగు గంటల్లో మూత్రం 40 మిల్లీలీటర్లే వచ్చింది. లోపల రక్తస్రావం అవుతోందేమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్. ఈలోగా రక్తం క్రాస్ మ్యాచింగ్‌కు పంపమంటారా?” ఈ ఫోను అందుకున్న వైద్యుడు మళ్ళీ దిండు మీద తల వాల్చలేడు.

రెండో ఫోనుకు పట్టే సమయం అర నిమిషానికి మించదు. మొదటి ఫోనుకూ దాదాపు అంతే పట్టింది. ఈ పద్ధతికి ‘ఎస్‌బార్’ అని పేరు. ముందు ఇప్పుడున్న పరిస్థితి, తరువాత దాని పూర్వరంగం, ఆ పైన చెప్పేవారి అంచనా, చివరికి ఏం చేయాలన్న సూచన. ఇది పుట్టింది అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో. కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ దాన్ని ఆసుపత్రులకు అనువుగా మలచుకుంది. ఇందులో కష్టమంతా చివరి రెండు మెట్ల దగ్గరే ఉంది. పరిస్థితిని, పూర్వరంగాన్ని ఎవరైనా చెబుతారు. “నా అనుమానం ఇది, మీరు ఇది చేయాలి” అనడానికి మన చిన్న ఉద్యోగులకు నోరు రాదు. అది తమ హద్దు దాటడమని వారికి చిన్నప్పటి నుంచీ నేర్పాం.

ఈ నాలుగు మెట్లలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చూసినదాన్నీ అనుకున్నదాన్నీ విడివిడిగా చెప్పడం. మన తెలుగునాట ‘గ్యాస్’ అన్న ఒక్క మాట ఎంత కీడు చేస్తోందో వైద్యులందరికీ తెలుసు. యాభై ఏళ్ళ మనిషికి రొమ్ము మధ్యలో బరువుగా ఉంటుంది, చెమటలు పడతాయి. ఇంట్లోవాళ్ళు “గ్యాస్ పట్టేసింది” అంటారు. ఆసుపత్రి కౌంటరు దగ్గర కూడా “గ్యాస్ సార్” అనే చెబుతారు. అక్కడి ఉద్యోగి చీటీ మీద ‘గ్యాస్’ అని రాస్తాడు. ఆ చీటీ చూసిన వైద్యుడు తీరిక లేనివాడైతే, ఇసిజి తీయవలసిన చోట పుల్లటి తేన్పులకు ఇచ్చే మాత్ర రాసే ప్రమాదం ఉంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. లక్షణం చెప్పవలసిన చోట రోగ నిర్ణయం చెప్పారు, అంతే. “గుండెల మీద బండ పెట్టినట్టుంది, అరగంట నుంచి తగ్గడం లేదు, ఒళ్ళంతా చెమట” అని చెప్పి ఉంటే కౌంటరు దగ్గరి కుర్రవాడికి కూడా అర్థమయ్యేది.

మీ కార్యాలయంలో కూడా ఈ ‘గ్యాస్’ రోజూ తిరుగుతూనే ఉంటుంది. “కస్టమరు గొడవ చేస్తున్నాడు”, “సర్వరు పనిచేయడం లేదు”, “ఫలానా ఆయన సహకరించడం లేదు” ఇలాంటివన్నీ రోగ నిర్ణయాలు. కస్టమరు ఏమన్నాడు? ఎన్ని గంటల నుంచి ఏ తెర మీద ఏ సందేశం వస్తోంది? ఫలానా ఆయనను ఏమి అడిగారు, ఆయన ఏమన్నారు? ముందు ఇవి చెప్పి, ఆ తరువాత మీ అభిప్రాయం చెబితే వినేవారికి ఆలోచించుకునే అవకాశం మిగులుతుంది.

ఇక తిరిగి చెప్పించుకోవడం. 1977 మార్చి 27న స్పెయిన్ దేశానికి చెందిన టెనెరిఫె ద్వీపంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. కేఎల్‌ఎమ్ విమానానికి ఎగరడానికి అనుమతి రాలేదు. గాలిలోకి లేచిన తరువాత ఏ దారిన పోవాలో చెప్పిన సూచనలు మాత్రమే అందాయి. ఆ సూచనల్లో ‘టేకాఫ్’ అన్న మాట దొర్లింది. విమానం నుంచి వచ్చిన జవాబు “ఎగరడానికి సిద్ధంగా ఉన్నాం” అన్నట్టుగా కంట్రోలరుకు తోచింది. వాస్తవానికి విమానం అప్పటికే కదిలిపోయింది. అతడు మొదట “ఓకే” అన్నాడు. “ఆగండి, నేను పిలుస్తాను” అన్న తరువాతి మాటకు మరో విమానం నుంచి వచ్చిన రేడియో సందేశం అడ్డు తగిలి కీచుమన్న శబ్దం మిగిలింది. ఆ తరువాత విమానయాన రంగం తన భాషనే మార్చుకుంది. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అన్న మాట వాడరు. ముఖ్యమైన ఆదేశాలకు “ఓకే” అంటే చాలదు, విన్నదాన్ని తిరిగి చెప్పాలి.

తెలుగులో కూడా దీని అవసరం ఎంతో ఉంది. ఫోనులో ‘ఇరవై’ అన్నదీ ‘అరవై’ అన్నదీ ఒకసారి గట్టిగా చదివి చూడండి. వార్డు చప్పుడులో, సెల్ ఫోను గరగరలో ఆ రెంటికీ మధ్య తేడా ఒక్క అచ్చు. మందు మోతాదులో ఆ తేడా మూడింతలు. ఆంగ్లంలోకి మారితే ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనే మరో జంట కాచుకుని ఉంటుంది. అందుకే ఫోనులో మోతాదు చెప్పేటప్పుడు ‘అరవై, అంటే ఆరు సున్నా’ అని అంకెలను విడదీసి చెప్పడం, విన్నవారు రాసుకుని తిరిగి చదవడం మంచి ఆసుపత్రుల్లో నియమం. రాతలోనూ ఇదే గొడవ. ఇన్సులిన్ మోతాదు పక్కన యూనిట్లకు గుర్తుగా ఆంగ్లంలో ‘యు’ అన్న ఒక్క అక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి, పది యూనిట్లు వంద అయ్యే ప్రమాదం ఉంది. ఆ పొట్టి గుర్తును వాడకూడని వాటి జాబితాలో చేర్చారు. మన దేశంలోనూ మందుల చీటీని స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధన తెచ్చింది. అది ఎంతవరకు అమలవుతోందో మీ ఇంట్లోని చీటీలే చెబుతాయి. నా తోటివారి చేతిరాత గురించి ఇంతకన్నా మాట్లాడితే బాగుండదు.

తిరిగి చెప్పించుకోవడానికీ “అర్థమైందా?” అని అడగడానికీ చాలా దూరం ఉంది. “అర్థమైందా?” అన్న ప్రశ్నకు మన వాళ్ళ దగ్గర ఒకే సమాధానం: “అయిందండీ.” కాలేదని చెబితే మన తెలివితక్కువతనం బయటపడుతుంది, పైగా అడిగిన పెద్దమనిషిని నొప్పించినట్టు అవుతుంది. కనుక ప్రశ్నను మార్చాలి. “అమ్మా, ఇంటికి వెళ్ళాక మీ కోడలికి ఈ మందు ఎలా వేయాలని చెబుతారు?” అని అడిగితే, ఆ పెద్దామె పొద్దున వేయవలసినది రాత్రికి చెబుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. కార్యాలయంలో అయితే “సరే, ముందు ఎక్కడి నుంచి మొదలుపెడతారు?” అనండి. పరీక్ష పెట్టినట్టూ ఉండదు, మీ మాట ఎంత చేరిందో తెలుస్తుంది కూడా.

టెనెరిఫె కథలో ఇంకొక భాగముంది. నా ఉద్దేశంలో అసలు భాగం అదే. విమానం పరుగెత్తుతుండగా లోపలున్న ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. అవతలి విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదా అని అడిగాడు. కెప్టెను తన సంస్థలో ఎంతో పేరున్న సీనియరు. తప్పుకున్నదని ధీమాగా జవాబిచ్చాడు. ఇంజినీరు మళ్ళీ అడగలేదు. అది తెలిసిన మనిషి ఉన్నా, అడిగిన మనిషి ఉన్నా, రెండోసారి అడిగే వాతావరణం లేని గది. తరువాతి సంవత్సరాల్లో విమాన సిబ్బందికి దీని గురించే ప్రత్యేక శిక్షణ మొదలైంది. 1979లో నాసా జరిపిన సదస్సు దానికి నాంది. చిన్నవాడు గట్టిగా ఎలా చెప్పాలో, పెద్దవాడు ఎలా వినాలో ఇద్దరికీ నేర్పారు.

మన దగ్గర ఈ సమస్య భాషలోనే కూర్చుని ఉంది. నువ్వు, మీరు, గారు, అండీ అన్నవాటిలో ఏదో ఒకటి ఎంచుకోకుండా మనం నోరు విప్పలేం. నోరు విప్పగానే ఎవరు పైనో ఎవరు కిందో తేలిపోతుంది. ఇందులో తప్పు లేదు, ఆ మన్నన మన సొత్తు. వదులుకోవలసిన పనీ లేదు. అయితే మన్నన పేరుతో “అలాగే సార్” అన్న మాట ఒక వ్యాధిలా తయారైంది. రాదని తెలిసిన గడువుకు “అలాగే సార్”. తప్పని తోచిన ఆదేశానికి “అలాగే సార్”. “చూద్దాం సార్” అంటే కాదని అర్థమని అందరికీ తెలుసు, ఒక్క సారుకు తప్ప. “సార్, ఒక్క క్షణం ఆగండి. ఆపరేషను కుడి వైపని ఎక్స్‌రేలో ఉంది” అనడంలో అమర్యాద ఎక్కడుంది? ‘సార్’ ఉంది, ‘ఆగండి’ ఉంది, రోగి ప్రాణమూ ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం విడుదల చేసిన భద్రతా పట్టికలో ఒక చిన్న అంశముంది. కత్తి పెట్టే ముందు గదిలో ఉన్నవారందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. చదవగానే నవ్వు వస్తుంది. రోజూ చూసుకునే ముఖాలే కదా! కాని ఒకసారి నోరు విప్పిన మనిషి రెండోసారి విప్పడానికి అంత జంకడు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ పట్టికను వాడి చూసినప్పుడు మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఇంకో వైపు కూడా చెప్పాలి. కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రులన్నిటా ఇదే తరహా పట్టికలను తప్పనిసరి చేశాక చూస్తే, చెప్పుకోదగిన మేలు కనపడలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. కాగితం మీద టిక్కులు పెట్టడం మన వార్డుల్లోనూ ఎరిగిన విద్యే. మాట్లాడుకోవడానికి పట్టిక సాకు కావాలి గాని, మాట్లాడుకోకుండా తప్పించుకోవడానికి కాదు.

పెద్దల కోపం గురించి ఒక మాట. మన ఆసుపత్రుల్లోనూ కార్యాలయాల్లోనూ సీనియరు కేకలు వేయడాన్ని క్రమశిక్షణగా, ఒక్కోసారి ప్రతిభకు గుర్తుగా కూడా చెప్పుకుంటారు. “ఆయనకు కోపమెక్కువ గాని చెయ్యి మంచిది” అన్న పొగడ్త మీరూ వినే ఉంటారు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల వార్డుల్లో పనిచేసే 24 బృందాల మీద జరిపిన ప్రయోగం 2015లో ప్రచురితమైంది. నిజమైన బిడ్డ కాదు, కృత్రిమంగా కల్పించిన సందర్భం. కొన్ని బృందాలతో ఒక విదేశీ నిపుణుడు చులకనగా మాట్లాడేలా ఏర్పాటు చేశారు. ఆ బృందాలు రోగాన్ని పసిగట్టడంలోనూ, చేతిపనిలోనూ మిగిలినవారి కన్నా వెనకబడ్డాయి. సమాచారం పంచుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. తిట్టిన మనిషి పడకన ఉన్న బిడ్డ మీద చెయ్యి కూడా వేయలేదు, అయినా ఆ మాటల ఫలితం బిడ్డ దాకా వెళ్ళింది. కాబట్టి సీనియరు కోపాన్ని స్వభావమని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. చేతులు కడుక్కోకపోవడాన్ని స్వభావమని సరిపెట్టుకుంటామా?

వాట్సాప్ గురించి ఎక్కువ రాయను, మీకే ఎక్కువ తెలుసు. రెండు సంగతులు మాత్రం. నీలం టిక్కులు పడితే సందేశం తెరిచారని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. నలభై మంది ఉన్న గ్రూపులో “ఎవరైనా ఒకసారి చూడండి” అని పెట్టిన పని ఎవరి పనీ కాదు. గుండె ఆగిన మనిషికి ప్రథమ చికిత్స నేర్పేటప్పుడు మేము ఒకటి గట్టిగా చెబుతాం: “ఎవరైనా అంబులెన్సుకు ఫోను చేయండి” అనవద్దు, ఒకరి వైపు వేలు చూపి “నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి ఫోను చెయ్యి, చేశాక వచ్చి నాకు చెప్పు” అనమంటాం. గ్రూపులోనూ అదే నియమం. పేరు, పని, గడువు. ఇక రాత్రి పదకొండుకు వచ్చే ఆఫీసు సందేశాల సంగతి. వేళ దాటాక ఉద్యోగి ఫోనుకు అందుబాటులో లేకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి చట్టంలోనే పెట్టింది. మన దగ్గర చట్టం వచ్చేలోగా, పొద్దున పంపినా నష్టం లేని సందేశాన్ని పొద్దునే పంపడానికి ఏ అడ్డూ లేదు. నిద్ర లేని మనిషి మర్నాడు సగమే వింటాడు.

భాష గురించి మన పిల్లలకున్న బెంగ కూడా తీర్చాలి. తెలుగు ప్రాంతపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కేరళ నుంచి వచ్చిన నర్సులు ఎందరో ఉన్నారు. రోగి తెలుగు, నర్సు మలయాళం, కేసు షీటు ఆంగ్లం. ఆ అమ్మాయిల్లో చాలామంది తెలుగులో వ్యాకరణం అంటూ ఏమీ ఉండదు. “అమ్మా నొప్పి ఎక్కడ? ఇక్కడ? ఎప్పటి నుంచి? రాత్రి?” అంటూ చేత్తో చూపించుకుంటూ అడుగుతారు. కళ్ళు తిరుగుతున్నాయంటే ఏమిటో, చూపు మసకబారిందంటే ఏమిటో పట్టుపట్టి నేర్చుకుంటారు. అనుమానం వస్తే తెలుగు ఆయాను పిలిచి మళ్ళీ అడిగిస్తారు. ధారాళంగా ఆంగ్లం మాట్లాడే వైద్యుల కన్నా వారే రోగి చెప్పినదాన్ని నిక్కచ్చిగా పట్టుకోవడం నేను ఎన్నోసార్లు గమనించాను. తమకు భాష రాదని తెలుసు గనుక వారు సరిచూసుకుంటారు. వచ్చుననుకునేవాడు సరిచూసుకోడు.

ఇదంతా చదివి, “మా ఆఫీసులో అంత తీరిక ఎక్కడిది డాక్టరుగారూ?” అనేవారు తప్పక ఉంటారు. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో, షిఫ్టు మారేటప్పుడు ఒక వైద్యుడు మరొకరికి రోగులను అప్పగించే పద్ధతిని ‘ఐ-పాస్’ అనే క్రమంలో మార్చి చూశారు. రోగి ఎంత సీరియస్ అన్నది ముందు, కథ క్లుప్తంగా, చేయవలసిన పనుల జాబితా, జరగవచ్చునని భయపడుతున్నదేమిటి, చివరికి అందుకున్నవారు తమ మాటల్లో తిరిగి చెప్పడం. 2014లో ఫలితాలు వచ్చాయి. వైద్యపు పొరపాట్లు నూటికి 23 పాళ్ళు తగ్గాయి. గడియారం పట్టుకుని కొలిచారు కూడా. ఒక్కో రోగి గురించి అప్పగింతకు అంతకుముందు పట్టిన సమయం సగటున 2.4 నిమిషాలు, పద్ధతి మార్చిన తరువాత 2.5 నిమిషాలు.